బడి తలుపు తట్టిన బాలుడు

మన పిల్లలందరికిని ధ్రువుని కథ తెలియును. తండ్రి తొడపై కూర్చుండగోరి, పినతల్లి మాటలచే త్రోసివేయబడిన ఆ పసివాడు చేసిన తప్పేమియు లేదు. తనకు న్యాయముగా చెందవలసిన చోటును మాత్రమే అతడు కోరెను. అట్టి బాలురు పురాణములందే కాక మన కాలమునను పుట్టుచున్నారు. వారిలో ఒకడు రయన్ వైట్. అతడు కోరినది రాజు తొడ కాదు, ఏడవ తరగతి గదిలో ఒక బల్ల. ఆ బల్ల కొరకు అతడు తన ఊరితోను, తన పాఠశాలతోను పోరాడి, న్యాయస్థానపు గడప కూడ ఎక్కవలసివచ్చెను. పందొమ్మిదవ ఏట మరణించిన ఆ బాలుని పేర ఆ దేశమున ఒక చట్టము వెలసినది. అతని జీవితమున వైద్యశాస్త్రము నేర్చుకొనిన పాఠము ఒకటి, పాఠశాలలు నేర్చుకొనవలసిన పాఠము ఒకటి కలవు. రెండును కలిపి చెప్పుకొననిదే ఆ కథ పూర్తి కాదు.

అమెరికా సంయుక్త రాష్ట్రములలో ఇండియానా రాష్ట్రమున కోకోమో అను పట్టణము కలదు. చుట్టును మొక్కజొన్న చేలు. నడుమ మోటారు కార్ల పరిశ్రమకు చెందిన కర్మాగారములు. పనిపాటలు చేసికొని బ్రదుకువారి ఊరది. అచ్చట 1971 డిసెంబరు 6వ తేదీన వెయిన్ వైట్, జీన్ దంపతులకు ఒక మగశిశువు జన్మించెను. అతనికి రయన్ అని పేరు పెట్టిరి. ఆ దేశపు వాడుక ననుసరించి శిశువునకు సున్నతి చేయించగా, ఆ చిన్న గాయమునుండి కారిన నెత్తురు ఎంతకును ఆగలేదు. వైద్యులు పరీక్షించి, బిడ్డకు హీమోఫిలియా అను వ్యాధి తీవ్రరూపమున కలదని తేల్చిరి. అప్పటికి ఆ బిడ్డ వయస్సు మూడు దినములు.

ఈ వ్యాధిని గూర్చి కొంత చెప్పుకొనవలెను. మన చర్మము తెగినప్పుడు నెత్తురు కొంతసేపు కారి, తనంత తానే గడ్డకట్టి ఆగిపోవును. ఇది మనకు నిత్యానుభవము. అందుచేతనే దానిలోని వింతను మనము గమనింపము. తెగిన చోటికి మొదట ప్లేట్‌లెట్లు అను సూక్ష్మకణములు చేరి గండిని పూడ్చును. ఆ పూడిక గట్టిపడుటకు నెత్తురులో కరగియున్న కొన్ని మాంసకృత్తులు ఒకదాని వెంట ఒకటి మేల్కొనవలెను. ఒక దీపముతో మరియొక దీపమును వెలిగించినట్లు, ఒకటి మరియొకదానిని ప్రేరేపించును. చివరకు నారపోగుల వంటి వల ఏర్పడి గండిని బిగించును. ఈ మాంసకృత్తులకు శాస్త్రజ్ఞులు ఫాక్టర్లని పేరుపెట్టి వరుస సంఖ్యల నిచ్చిరి. అందు ఎనిమిదవ ఫాక్టరు లోపించినచో దీపముల వరుస నడుమ ఆగిపోవును. అదియే హీమోఫిలియా 'ఏ'. తొమ్మిదవది లోపించినచో హీమోఫిలియా 'బి'.

ఈ వ్యాధి కలవానికి చిన్న గీత పడినను ప్రాణము పోవునని కొందరు తలంతురు. అది నిజము కాదు. ఇతరులకంటె వేగముగా నెత్తురు కారదు. ఎక్కువ కాలము కారును. అసలు బాధ పైకి కనిపించు గాయములలో లేదు. పరుగెత్తినను, తూలిపడినను, ఒక్కొక్కప్పుడు ఏ కారణము లేకయే మోకాలిలోను మోచేతిలోను నెత్తురు దిగును. కీలు వాచి, నిప్పువలె కాగి, కదపరాని నొప్పి కలుగును. పలుమార్లు అట్లు జరిగినచో కీలు బిగుసుకొనిపోవును. తలలో నెత్తురు దిగినచో ప్రాణాపాయమే.

ఇది తల్లినుండి కుమారునకు సంక్రమించు వ్యాధి. దీనికి కారణమైన లోపము ఎక్స్ అను క్రోమోజోము నందుండును. స్త్రీకి అట్టి క్రోమోజోములు రెండు కలవు గనుక ఒకటి చెడినను రెండవది చాలవరకు కాపాడును. పురుషునకు ఒకటియే కావున అది చెడినచో తప్పించుకొనుటకు మార్గము లేదు. ప్రతి మూడు కుటుంబములలో ఇంచుమించు ఒకదానియందు పూర్వులలో ఎవరికిని లేకుండగనే ఈ లోపము క్రొత్తగా తలయెత్తును. పేద, ధనిక భేదము దీనికి లేదు. ఇంగ్లండును ఏలిన విక్టోరియా రాణి కుమారులలో ఒకడైన లియోపోల్డు ఈ వ్యాధి కలవాడై 1884లో మరణించెను. ఆమె వంశపు ఆడుబిడ్డల ద్వారా అది రష్యా రాజకుటుంబమునకును ప్రాకెను. చివరి జారు కుమారుడైన అలెక్సీని పట్టిపీడించినది హీమోఫిలియా 'బి' అని 2009లో అస్థికల పరీక్ష వలన తేలినది.

రయన్ పుట్టుటకు ఒకటి రెండు తరముల ముందు ఇట్టి బిడ్డలకు గట్టి చికిత్స లేదు. ఇతరుల నెత్తురునో, దానిలోని ప్లాస్మా అను ద్రవమునో ఎక్కించుచుండిరి. కాని అందుండు ఎనిమిదవ ఫాక్టరు స్వల్పము. కావలసినంత ఎక్కింప బోయినచో గుండె ఆ భారమును ఓర్వలేదు. స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయములో జూడిత్ పూల్ అను శాస్త్రజ్ఞురాలు 1964 ప్రాంతమున ఒక విషయమును కనుగొనెను. గడ్డకట్టించిన ప్లాస్మాను చల్లని చోట మెల్లగా కరగనిచ్చినచో అడుగున కొంత మడ్డి మిగులును. ఎనిమిదవ ఫాక్టరు చాలవరకు ఆ మడ్డిలోనే చేరియుండును. రక్తనిధులు సులభముగా తయారుచేయగల ఔషధమది. తరువాత ఔషధ కంపెనీలు మరియొక మెట్టు పైకి పోయి, ఆ ఫాక్టరును శుద్ధిచేసి పొడిగా మార్చి సీసాలలో నింపినవి. ఇంటివద్దనే ఆ పొడిని నీటిలో కలిపి సూదితో నరములోనికి ఎక్కించుకొనవచ్చును. ఆసుపత్రి మంచములకు అంటిపెట్టుకొనియుండిన బాలురు బడికి పోసాగిరి. తల్లులు ఊపిరి పీల్చుకొనిరి.

జీన్ కూడ ఊపిరి పీల్చుకొనిన తల్లులలో ఒకతె. రయన్ చంటిబిడ్డగా ఉన్నప్పటినుండి అతనికి ఈ ఫాక్టరునే ఎక్కించుచుండిరి. కాలక్రమమున భార్యాభర్తలు విడిపోయిరి. జీన్ కర్మాగారమున పనిచేయుచు రయన్‌ను, అతని చెల్లెలు ఆండ్రియాను పెంచుకొనెను. ఒడుదొడుకు లెన్ని ఉన్నను, ఆ బాలుని చిన్నతనము చాలవరకు సుఖముగనే గడచెను. కొంత పెరిగిన పిదప అతడు ఇంటింటికి పత్రికలు వేయుచు నాలుగు డబ్బులు కూడ సంపాదించుకొనెను.

కాని ఆ సీసాలో మరియొకటి దాగియుండెను. ఒక సీసాడు పొడి ఒక మనుష్యుని నెత్తురునుండి తీసినది కాదు. వేలకొలది మంది ప్లాస్మాను ఒకే తొట్టిలో కలిపి దానినుండి మందు తీయుచుండిరి. డబ్బునకు ప్లాస్మాను అమ్ముకొనువారు కూడ అందు అనేకులు. అంతమందిలో ఒక్కని నెత్తురులో రోగబీజమున్నను ఆ తొట్టి అంతయు కలుషితమగును. చెరువు నీటిలో పడిన విషపు చుక్క ఏ కడవలోనికి వచ్చునో ఎవరు చెప్పగలరు? కామెర్లను తెచ్చు హెపటైటిస్ వైరసులు ఈ దారినే హీమోఫిలియా రోగులకు సోకుచుండెను. వైద్యులకు ఆ సంగతి తెలియును. అయినను నెత్తురు ఆగక చచ్చుటకంటె కాలేయపు జబ్బు మేలని సమాధానపడిరి. ఒకసారి అట్లు సమాధానపడిన పిమ్మట, మరింత భయంకరమైన వైరస్ ఆ దారినే వచ్చినప్పుడు దానిని అడ్డగించుటకు కట్టుదిట్టములు సిద్ధముగా లేకపోయెను.

1981లో అమెరికా వైద్యులు ఒక వింతవ్యాధిని గమనించిరి. శరీరమునకు రోగములతో పోరాడు శక్తి నశించి, సామాన్యముగా ఎవరిని ఏమియు చేయని సూక్ష్మజీవులే ప్రాణములు తీయుచుండెను. 1982 జూలైలో ఆ వ్యాధి లక్షణములు ముగ్గురు హీమోఫిలియా రోగులలో కనిపించినవని ప్రభుత్వపు ఆరోగ్యశాఖ ప్రకటించెను. నెత్తురు ద్వారా ఇది సోకునని అనుమానించుటకు అంతకంటె వేరు సాక్ష్యము అక్కరలేదు. 1983లో పారిస్ నగరమందలి పాశ్చర్ సంస్థవారు దీనికి మూలమైన వైరస్‌ను కనుగొనిరి. దానికే తరువాత హెచ్.ఐ.వి. అని పేరు వచ్చెను. ఫాక్టరు పొడిని తగినంత వేడిచేసినచో ఈ వైరస్ నశించునని 1984లో రుజువయ్యెను. నెత్తురులో దాని జాడను కనిపెట్టు పరీక్షకు 1985 మార్చిలో అమెరికా ప్రభుత్వము అనుమతినిచ్చెను. ఈలోగా కాలము మించిపోయెను. ఆ దేశమున హీమోఫిలియా కలవారిలో దాదాపు సగముమందికి అప్పటికే హెచ్.ఐ.వి. సోకియుండెను. ప్రాణము నిలుపుటకై తల్లులు తమ చేతులతోనే బిడ్డలకు ఎక్కించిన మందు అది. ఇంతకుమించిన దుఃఖమును ఊహించుట కష్టము.

1984వ సంవత్సరము చివర రయన్‌కు న్యుమోనియా వచ్చెను. డిసెంబరు 17వ తేదీన శస్త్రచికిత్స చేసి ఊపిరితిత్తిలో కొంతభాగమును తొలగించిరి. అది ఎయిడ్స్ అని ఆ చికిత్సలోనే తేలెను. బాలుడు ఆరునెలలకు మించి బ్రదుకడని వైద్యులు తల్లితో చెప్పిరి. అతనికి అప్పుడే పదమూడేండ్లు నిండినవి. క్రిస్మసు పండుగ దగ్గరలో ఉండుటచే, పండుగ గడచిన తరువాతనే తల్లి ఆ మాటను కుమారునకు చెప్పెను. విన్న బాలుడు కొంత తేరుకొనిన పిదప కోరినది ఒక్కటే: ఉన్నంతకాలము అందరు పిల్లల వలెనే ఉండవలెను, బడికి పోవలెను.

కోకోమో చెంతనున్న రష్యావిల్ గ్రామములోని వెస్టరన్ మాధ్యమిక పాఠశాలలో అతడు చదువుచుండెను. 1985 జూన్ 30వ తేదీన పాఠశాలల సూపరింటెండెంటు అతనిని చేర్చుకొనుటకు నిరాకరించెను. 360 మంది విద్యార్థులున్న ఆ బడిలో 117 మంది తల్లిదండ్రులు అతనిని రానీయరాదని మహజరుపై సంతకములు చేసిరి. ఏబదిమంది ఉపాధ్యాయులు కూడ సంతకములు చేసిరి. ఈ చివరి సంఖ్యవద్ద మావంటి వారము కొంచెము ఆగి ఆలోచింపవలసి యున్నది.

ఆనాటి భయమును కేవలము మూర్ఖత్వమని త్రోసిపుచ్చుట న్యాయము కాదు. ఆ రోగమునకు పేరు పెట్టి మూడేండ్లు మాత్రమే అయ్యెను. సోకినవారు బ్రదుకుట లేదు, మందు లేదు. బిడ్డలున్నవారికి గుండె గుబగుబలాడుట సహజము. పైగా శాస్త్రజ్ఞులు ఏ విషయమును నూటికి నూరుపాళ్లు నిశ్చయమని చెప్పరు. వారి జాగ్రత్తమాటను జనులు ప్రమాదసూచనగా విందురు. కాని ఒక విషయము మాత్రము అప్పటికే తేటతెల్లమైయుండెను. ఎయిడ్స్ రోగులతో ఒకే ఇంట నివసించి, ఒకే కంచములో తిని, వారిని ఎత్తి కడిగి సేవచేసిన బంధువులకు ఆ రోగము సోకలేదు. రయన్ తల్లికిని చెల్లెలికిని సోకలేదు. ప్రక్కన కూర్చుండుట వలనగాని, దగ్గు వలనగాని, చేయి కలుపుట వలనగాని ఇది రాదని ఇండియానా రాష్ట్ర ఆరోగ్యాధికారి వుడ్రో మయర్స్ పాఠశాలవారికి తెలిపెను. కేంద్ర ప్రభుత్వపు వ్యాధినియంత్రణ సంస్థవారును అదే తెలిపిరి. తెలియనప్పుడు భయపడుట తప్పుకాదు. తెలిపినను వినకుండుటతో తప్పు మొదలైనది.

1985 ఆగస్టు 26వ తేదీన బడి తెరచిరి. తోటివారందరు తరగతి గదిలో కూర్చుండగా, రయన్ తన ఇంట టెలిఫోను చెవిని పెట్టుకొని పాఠములు వినవలసివచ్చెను. గదిలో గురువు పలుకు మాటలు తీగవెంట సరిగా వినబడవు. నల్లబల్లపై వ్రాసినది కనబడదు. ప్రశ్న అడుగుటకు చేయి యెత్తినను చూచువారు లేరు. చదువు కొంత చెవికి చేరెను గాని బడి అతనికి చేరలేదు.

తల్లి న్యాయమార్గమును పట్టెను. నవంబరు 25వ తేదీన రాష్ట్ర విద్యాశాఖ అతనిని చేర్చుకొనవలెనని తీర్మానించెను. వెస్టరన్ పాఠశాలల పాలకవర్గము దానిని ప్రతిఘటించెను. 1986 ఫిబ్రవరి 13వ తేదీన కౌంటీ ఆరోగ్యాధికారి ఈ బాలుని వలన ఎవరికిని అపాయము లేదని నిర్ణయించెను. ఫిబ్రవరి 21వ తేదీన రయన్ బడిలో అడుగుపెట్టెను. ఆ దినమున 151 మంది విద్యార్థులు బడికి రాలేదు. ఆ సాయంకాలము కాకముందే, కొందరు తల్లిదండ్రుల కోరికపై ఒక న్యాయాధిపతి అతని రాకను నిషేధించుచు ఉత్తరువు నిచ్చెను. మరల ఇల్లు, మరల టెలిఫోను. ఏప్రిల్ 10వ తేదీన మరియొక న్యాయాధిపతి ఆ నిషేధమును రద్దుచేసెను. ఆరునెలలే బ్రదుకునన్న బాలుడు దాదాపు పదునారు నెలలు బ్రదికి, తన బల్ల దగ్గరకు తిరిగి వచ్చెను.

న్యాయస్థానము తలుపు తెరపించగలదు గాని మనస్సులను తెరపించజాలదు. బడివారి భయమును తగ్గించుటకై రయన్ కొన్ని షరతులకు ఒప్పుకొనెను. ప్రత్యేకమైన మరుగుదొడ్డి, వాడి పారవేయు కాగితపు పళ్లెములు, వ్యాయామపు తరగతికి రాకుండుట — ఇవి ఆ షరతులు. తనవలన అపాయము లేదని ఎరిగియు అతడు వీనికి తలయొగ్గెను. ఫలితము మాత్రము విపరీతమయ్యెను. అపాయము లేనిచో ఈ జాగ్రత్తలెందుకని జనుల అనుమానము మరింత బలపడెను. అతని పెట్టెపై అసభ్యపు మాటలు వ్రాసిరి. అతడు కూరగాయలపై ఉమ్మివేయుచున్నాడని, తోటివారిని కరచుచున్నాడని పుకార్లు పుట్టించిరి. భోజనశాలలవారు అతడు తినిన పాత్రలను పారవేసిరి. అతడు పంచు పత్రికలను చాలమంది మానివేసిరి. దేవుని సన్నిధిలో కూడ, చర్చిలో పొరుగువారు అతనికి చేయి అందీయలేదు. ఒకనాడు వారి ఇంటి కిటికీ గుండ ఒక తుపాకిగుండు దూసుకొని వచ్చెను. ఇంట ఎవరును లేకపోవుటచే ప్రాణాపాయము తప్పెను. ఆ ఊరిలో అతని పక్షము వహించినవారు కూడ లేకపోలేదు. స్థానిక దినపత్రిక కోకోమో ట్రిబ్యూన్ అతనిని బలపరచి, బెదరింపులకు గురి అయ్యెను. ఐనను ఆ కుటుంబమునకు అచ్చట నిలువ నీడ లేకపోయెను.

1987లో వారు సిసెరో అను మరియొక చిన్న ఊరికి తరలిపోయిరి. అదియు ఇండియానా రాష్ట్రములోనిదే. గంట ప్రయాణమునకు మించని దూరము. ఇల్లు కొనుటకు ప్రసిద్ధ గాయకుడు ఎల్టన్ జాన్ ధనసహాయము చేసెను. అక్కడికి దాపున ఆర్కేడియాలోనున్న హామిల్టన్ హైట్స్ ఉన్నత పాఠశాలలో రయన్‌ను చేర్పించిరి. ఆ పాఠశాలవారు చేసిన పనిని మనము శ్రద్ధగా గమనింపవలెను.

ఈ బాలుడు రానున్నాడని తెలిసినంతనే ప్రధానోపాధ్యాయుడు టోనీ కుక్, సూపరింటెండెంటు బాబ్ కార్నల్ ముందుగా తాము ఆ వ్యాధిని గూర్చి తెలిసికొనిరి. తరువాత వైద్యనిపుణులను బడికి రప్పించి విద్యార్థులకు బోధ చేయించిరి. ఎట్లు సోకును, ఎట్లు సోకదు అను విషయమును దాచకుండ చెప్పించిరి. పిల్లలను మనసు విప్పి ప్రశ్నలడుగనిచ్చిరి. విద్యార్థిసంఘ నాయకురాలే ఈ కార్యమున ముందు నిలిచెను. బడిలో విన్నదానిని పిల్లలు ఇంటికి పోయి తల్లిదండ్రులకు చెప్పిరి. సాధారణముగా భయము పెద్దలనుండి పిల్లలకు సంక్రమించును. ఇచ్చట జ్ఞానము పిల్లలనుండి పెద్దలకు సంక్రమించెను.

1987 ఆగస్టు 31వ తేదీన రయన్ బెదురుతో ఆ బడి వాకిట నిలిచెను. అధికారులును, కొందరు విద్యార్థులును ఎదురువచ్చి అతనికి చేతులందించిరి. అంతే జరిగినది. ఆ కరస్పర్శలో వైద్యము లేదు, చట్టము లేదు. కాని రెండేండ్లుగా ఏ మందును చేయలేని పనిని అది చేసెను. రయన్ ఆ బడిలో మంచి మార్కులు తెచ్చుకొనిన విద్యార్థుల జాబితాకెక్కెను. తోటివారితో కలసి వేడుకలకు పోయెను. కారు నడుపుట నేర్చుకొనుటకు అనుమతిపత్రమును సంపాదించెను. అందరు పిల్లల వలెనే ఉండవలెనన్న కోరిక అట్లు నెరవేరెను.

ఈలోగా అతని పేరు దేశమంతటను వ్యాపించెను. 1988 మార్చి 3వ తేదీన అమెరికా అధ్యక్షుడు నియమించిన ఎయిడ్స్ విచారణ సంఘము ఎదుట అతడు సాక్ష్యమిచ్చెను. పదునారేండ్ల బాలుడు పెద్దల సభలో నిలిచి, తన అవమానములను కక్షలేని మాటలతో వివరించెను. రెండు పాఠశాలలకును గల భేదమును చెప్పి, ఆ భేదమునకు కారణము విద్యయే అని తేల్చెను. 1989 జనవరిలో అతని కథను టెలివిజనులో చలనచిత్రముగా ప్రదర్శించిరి.

ఒక్క విషయమున మాత్రము అతడు పెద్దలను సవరించవలసివచ్చెను. జనులు అతనిని నిర్దోషియైన రోగి అని పొగడుచుండిరి. ఆ పొగడ్తలో ఒక ముల్లు దాగియుండెను: తక్కిన రోగులు దోషులని దాని భావము. రయన్ ఆ గౌరవమును స్వీకరింపలేదు. ఏ దారిని సోకినను తానును తక్కినవారి వంటి రోగినే అని అతడు చెప్పుచుండెను. రోగమునకు వైద్యము కావలెను గాని విచారణ అక్కరలేదని పండితులు గ్రంథములు వ్రాసి చెప్పవలసిన మాటను ఆ బాలుడు తన నడతచే చెప్పెను.

1990 మార్చి 29వ తేదీన ఊపిరితిత్తుల జబ్బు ముదిరి, రయన్‌ను ఇండియనాపోలిస్ నగరములోని రైలీ బాలల ఆసుపత్రిలో చేర్చిరి. ఏప్రిల్ 8వ తేదీన, మట్టల ఆదివారమునాడు, అతడు కన్నుమూసెను. ఉన్నత పాఠశాల చదువు ముగియుటకు ఇక కొలది వారములే ఉండెను. వైద్యులు ఆరునెలలని చెప్పగా అతడు అయిదేండ్లకు పైగా బ్రదికెను. అంత్యక్రియలకు వేయిన్ని అయిదువందలకు పైగా జనులు వచ్చిరి. అధ్యక్షుని భార్య బార్బరా బుష్ వచ్చెను. మైకేల్ జాక్సన్ వచ్చెను. ఎల్టన్ జాన్ పియానో ముందు కూర్చుండి పాడి, శవపేటికను మోసెను. హామిల్టన్ హైట్స్ విద్యార్థులును ఆ జనములో నుండిరి. రయన్‌ను సిసెరోలోనే సమాధి చేసిరి. మరుసటి యేడాదిలో ఆ సమాధిని దుండగులు నాలుగుసార్లు పాడుచేసిరి. ద్వేషము తేలికగా చావదు.

అదే సంవత్సరము ఆగస్టు 18వ తేదీన అధ్యక్షుడు జార్జి బుష్ రయన్ పేరిటి చట్టముపై సంతకము చేసెను. హెచ్.ఐ.వి. సోకి చికిత్సకు స్తోమత లేనివారికి ప్రభుత్వధనముతో వైద్యమందించుట దాని ఉద్దేశము. రోగము ఎట్లు వచ్చినదని ఆ చట్టము అడుగదు. రయన్ పట్టుబట్టిన ధర్మము అందు నిలిచినది. 2022వ సంవత్సరమున ఆ దేశములో 5 లక్షల 60 వేలకు పైగా రోగులు దానివలన సహాయము పొందిరి.

ఇక వైద్యశాస్త్రము నేర్చుకొనిన పాఠము. వేడిచేసి శుద్ధిచేయని ఫాక్టరును వాడుట క్రమముగా నిలిచిపోయెను. ఎనిమిదవ ఫాక్టరుకు మూలమైన జన్యువును 1984లోనే శాస్త్రజ్ఞులు వేరుచేసియుండిరి. దాని సాయమున, మానవ రక్తముతో పని లేకుండ కణములలో తయారుచేసిన ఫాక్టరు 1992లో అమెరికాలో వాడుకలోనికి వచ్చెను. హెపటైటిస్ 'సి' వైరస్‌ను 1989లో గుర్తించిరి. దానికిని పరీక్ష ఏర్పడెను. హెచ్.ఐ.వి.ని అణచియుంచు మందుల కలయిక 1996 నాటికి దొరకెను. నేడు దానిని క్రమముగా వాడువారు నిండు జీవితము గడపగలరు. రయన్ మరి ఆరేండ్లు బ్రదికియున్నచో ఆ మందు అతనికి అందియుండెడిది. తప్పులను ఒప్పుకొనుటకు మాత్రము ప్రభుత్వములకు చాలకాలము పట్టెను. ఫ్రాన్సు దేశమున కలుషిత రక్తపు వ్యవహారములో అధికారులకు 1992లో శిక్షలు పడెను. ఇంగ్లండులో ఇట్టి వ్యవహారముపై జరిగిన విచారణ సంఘపు నివేదిక 2024 మే నెలలో గాని వెలువడలేదు.

మన దేశమునకును ఈ కథతో సంబంధము కలదు. ఇచ్చట హీమోఫిలియా రోగులు తమకు తామే సంఘటితులై 1983లో ఒక సమాఖ్యను స్థాపించుకొనిరి. డబ్బునకు రక్తమును అమ్ముకొను పద్ధతిని నిలిపివేయవలెనని 1996లో సుప్రీంకోర్టు తీర్పునిచ్చెను. రక్తనిధులలో ప్రతి సీసాను హెచ్.ఐ.వి., హెపటైటిస్ వైరసుల కొరకు పరీక్షించుట నేడు నియమము. ఆంధ్రప్రదేశ్ ఒకప్పుడు హెచ్.ఐ.వి. వ్యాప్తి హెచ్చుగానున్న రాష్ట్రములలో ఒకటి. కావున ఇట్టి బాలుడు మన బడి వాకిట నిలుచుట కేవలము ఊహ కాదు. హెచ్.ఐ.వి. కలవారిని విద్యాలయములలో వేరుచేసి చూడరాదని 2017లో మన పార్లమెంటు చట్టము చేసెను. అది 2018 సెప్టెంబరునుండి అమలులోనున్నది.

చట్టమున్నది, మందున్నది. ఇంకను మిగిలినది ఉపాధ్యాయుని పని. మోకాలు వాచి తరచుగా బడి మానుచున్న బాలుడు సోమరి కాకపోవచ్చును. వాని కీలులో నెత్తురు దిగియుండవచ్చును. ఒక విద్యార్థి ప్రక్కన కూర్చుండుటకు తక్కినవారు జంకుచున్నచో, ఆ జంకునకు కారణమేమో మొదట విచారింపవలసినవాడు గురువే. రెండు పాఠశాలలు ఒకే రాష్ట్రమున గంట ప్రయాణపు దూరమున ఉండెను. అదే బాలుడు, అదే రోగము, అవే పాఠ్యపుస్తకములు. ఒకచోట ఏబదిమంది ఉపాధ్యాయులు మహజరుపై సంతకము చేసిరి. మరియొకచోట ఉపాధ్యాయులు తాము ముందుగా పాఠము చదువుకొని, పిల్లలకు చెప్పి, వాకిటికి ఎదురేగి చేయి అందించిరి.